ఇంజను దీపము చెప్పు మాట

కారు నడుపువాని ఎదుటి పలకపై ఇంజను బొమ్మ గల పసుపుపచ్చని దీపమొకటి ఉండును. తాళము త్రిప్పగానే వెలిగి, ఇంజను నడక ప్రారంభించిన పిమ్మట ఆరిపోవుట దాని స్వభావము. ఏనాడైన అది ఆరక నిలిచినను, దారి మధ్యమున వెలిగినను కారు గలవానికి దిగులు పుట్టును. చిత్రమేమనగా, అనేక సందర్భములలో కారు నడకలో తేడా ఏమియు కనబడదు. శబ్దము మామూలే, వేగము మామూలే. దీపము మాత్రము వెలుగుచునే యుండును.

అట్టి సమయమున జనులు సాధారణముగా రెండు దారులు త్రొక్కుదురు. కొందరు కారు నడచుచున్నది గదా యని దీపమును పట్టించుకొనరు. మరికొందరు షెడ్డుకు పోయి యంత్రములోని సంకేతమును చదివించి, అందులో ఏ భాగము పేరు వినబడిన ఆ భాగమును క్రొత్తది కొని బిగింపించుకొందురు. వారము తిరుగకుండ దీపము మరల వెలుగును. మొదటి దారిలో ఇంజనుకు నష్టము. రెండవ దారిలో జేబుకు నష్టము.

ఒళ్లు కాలుచున్నదని జ్వరమాని చెప్పగలదు. మలేరియా యని గాని, టైఫాయిడ్ యని గాని అది చెప్పదు. ఇంజను దీపమును అట్టిదే. ఏ భాగము చెడినదో అది చెప్పదు. ఏ కొలత హద్దు దాటినదో మాత్రమే చెప్పును. కొలతనుండి కారణమునకు పోవుట మనుష్యుని పని. ఈ తేడాను గ్రహించినవానికి దీపము మంచి స్నేహితుడు; గ్రహించనివానికి అది తీరని బెడద.

రెండు తరములు చూచిన కారు

ఈ విషయమును తెలిసికొనుటకు మాజ్డా ఎంఎక్స్-5 అను చిన్న స్పోర్ట్సు కారు చక్కని ఉదాహరణము. అమెరికాలో దీనిని మియాటా అని పిలుతురు. జపానులోని హిరోషిమాలో తయారగు ఈ రెండు సీట్ల కారును 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనలో తొలిసారి ప్రజలకు చూపిరి. 2016 ఏప్రిల్ నాటికి ఈ పేరుతో పది లక్షల కార్లు తయారైనవి. తొలి రూపము 1997 వరకు సాగినది. ముప్పది ఏండ్లు దాటిన ఆ కార్లను ఇప్పటికిని ప్రేమతో నడుపుకొనువారు పలువురు కలరు.

ఈ కారు తొలి రూపములోనే, అమెరికాకు పోయిన బండ్లలో, దీపపు రెండు తరములు కనబడును. తొలి బండ్లలో దీపము మినుకుమినుకుమని లెక్క చెప్పును. 1996 మోడలు నుండి అది అన్ని కార్లకు ఉమ్మడియైన సంకేత భాషలో మాటాడును. మార్పు వచ్చినది భాషలోనే గాని దోషమును వెదకు తర్కములో కాదు.

దీపము ఎందులకు పుట్టినది?

ఈ దీపము మొదట పుట్టినది కారు క్షేమము కొరకు కాదు, గాలి క్షేమము కొరకు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమును 1940 ప్రాంతముల నుండి కండ్లు మండించు గోధుమరంగు మంచు వంటి పొర కప్పుచుండెడిది. కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయములోని రసాయన శాస్త్రజ్ఞుడు హాగెన్-స్మిట్ 1952 నాటికి దీని గుట్టు విప్పెను. కార్లనుండియు, చమురు శుద్ధి కర్మాగారముల నుండియు వెలువడు మండని ఇంధన ఆవిరులు, నత్రజని ఆక్సైడులు సూర్యకాంతిలో కలిసి ఓజోను మున్నగు విషవాయువులుగా మారుచున్నవని ఆయన నిరూపించెను.

1970లో అమెరికా ప్రభుత్వము గట్టి చట్టము చేసినది. పొగలోని విషములను తగ్గింపవలెనన్న ఇంజనులోనికి పోవు పెట్రోలును ఎప్పటికప్పుడు కొలిచి ఇయ్యవలెను. పాత కార్బొరేటరుకు అంత నేర్పు లేదు. కావున సెన్సరులు, కంప్యూటరు కారులోనికి వచ్చినవి. అయితే సెన్సరు చెడినచో కారు నడచుచునే విషము చిమ్మును. నడుపువానికి తెలియనే తెలియదు. అందువలన, దోషమును యంత్రమే కనిపెట్టి దీపము వెలిగింపవలెనని కాలిఫోర్నియా రాష్ట్రము 1988 మోడలు కార్ల నుండి నియమము పెట్టినది. 1996 మోడలు నుండి అమెరికాలో అమ్ము కార్లన్నిటికిని ఒకే విధమైన రెండవ తరపు ఏర్పాటు తప్పనిసరి యైనది.

కారు నడకలో తేడా లేకున్నను దీపము వెలుగుటకు కారణ మిదియే. అది చూచునది ముఖ్యముగా పొగను.

ఇంజను ముక్కు

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను. గాలి ఎక్కువైనచో మిశ్రమము పలుచనైన దందురు. పెట్రోలు ఎక్కువైనచో చిక్కనైన దందురు. పొగగొట్టములో నుండు ఉత్ప్రేరక పేటిక, అనగా కెటాలిటిక్ కన్వర్టరు, మూడు విధముల విషములను ఒకేసారి తొలగింపవలెనన్న మిశ్రమము ఈ నిష్పత్తికి ఇటు అటు కొద్దిగా మాత్రమే ఊగవలెను.

ఈ కాపలాకు నియమింపబడినది ఆక్సిజన్ సెన్సరు. జిర్కోనియా అను పింగాణి వంటి పదార్థముతో చేసిన చిన్న గిన్నె దీనిలో ప్రధాన భాగము. గిన్నెకు ఒకవైపు బయటి గాలి, రెండవవైపు పొగ తగులును. సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన వేడెక్కినప్పుడు, రెండు వైపుల గల ఆక్సిజన్ తేడాను బట్టి దీనిలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టును. జర్మను శాస్త్రజ్ఞుడు నెర్న్‌స్ట్ 1889లో ప్రకటించిన సూత్రమే దీనికి ఆధారము. మిశ్రమము చిక్కనైనప్పుడు సుమారు 0.9 వోల్టు, పలుచనైనప్పుడు సుమారు 0.1 వోల్టు వచ్చును. 1976లో స్వీడను దేశపు వోల్వో కంపెనీ ఈ సెన్సరును తొలిసారిగా కాలిఫోర్నియాలో అమ్ము కార్లలో అమర్చినది.

సెన్సరు పలుచన యన్నచో కంప్యూటరు పెట్రోలు పెంచును; చిక్కన యన్నచో తగ్గించును. ఈ ఊగులాట నిరంతరము జరుగును. ఎంత శాతము పెంచినదో, ఎంత తగ్గించినదో కంప్యూటరు లెక్క వ్రాసికొనును. దీనిని ఇంధన సవరణ యనవచ్చును. అయిదారు శాతము సవరణ సహజము. సవరించి సవరించి, సుమారు ఇరువదియైదు శాతమువంటి హద్దు దాటిన పిదపగూడ లెక్క కుదరనిచో కంప్యూటరు చేతులెత్తి దీపము వెలిగించును.

గురువులు, లఘువులు

తొలి మియాటాలలో సంకేతమును చదువుటకు వేరే యంత్రము అక్కరలేదు. బానెట్టు క్రింద చిన్న నల్లని పెట్టె యుండును. దాని మూత తీసి, టి-ఇ-ఎన్ అను రంధ్రమును, భూమి తీగ రంధ్రమును చిన్న వైరుముక్కతో కలిపి, ఇంజను నడపకుండ తాళము మాత్రము త్రిప్పవలెను. అప్పుడు దీపము మినుకుట మొదలిడును. పద్యములోని గురు లఘువుల వలె మినుకులలో దీర్ఘములు, హ్రస్వములు కలవు. ఒక దీర్ఘము పదికి గుర్తు. ఒక హ్రస్వము ఒకటికి గుర్తు. ఒక దీర్ఘము, అయిదు హ్రస్వములు వచ్చినచో అది 15.

ఎనిమిది హ్రస్వములు గాలిని కొలుచు మీటరును, తొమ్మిది నీటి వేడిమిని చెప్పు సెన్సరును సూచించును. 15 ఆక్సిజన్ సెన్సరు వలయమును, 17 ఆ సెన్సరుపై ఆధారపడి పెట్రోలును సవరించు ఏర్పాటును సూచించును.

తొందరపాటునకు తావిచ్చు చోటు ఇదియే. 15 రాగానే ఆక్సిజన్ సెన్సరు చెడినదని తేల్చుట కద్దు. కాని గాలి గొట్టము పగిలి మిశ్రమము నిజముగా పలుచనైనచో, సెన్సరు తక్కువ వోల్టులు చూపుట దాని ధర్మమే గదా! నిజము చెప్పిన సాక్షిని జైలులో పెట్టినట్లు, మంచి సెన్సరును తీసి పారవేయుదురు. క్రొత్తదియు అదే సాక్ష్యము చెప్పును.

సాక్షిని పరీక్షించుట కష్టము కాదు. ఇంజను బాగుగా వేడెక్కిన పిదప సెన్సరు వైరుకు మల్టీమీటరు తగిలించి చూడవలెను. యాక్సిలరేటరును ఒక్కసారి త్రొక్కగానే మిశ్రమము క్షణకాలము చిక్కనగును, వదలగానే పలుచనగును. వోల్టులు ఆ ప్రకారము పైకి లేచి క్రిందికి దిగినచో సెన్సరు బ్రతికియే యున్నది. దోషము వేరుచోట వెదకవలెను. ఎన్ని విధముల చేసినను ముల్లు కదలనిచో వైరును, దాని పిమ్మట సెన్సరును అనుమానింపవలెను.

అయిదు గుర్తుల భాష

1996 మోడలు నుండి డ్యాష్‌బోర్డు క్రింద పదునారు కాళ్ల సాకెట్టు వచ్చినది. దానికి చిన్న చదువు యంత్రమును తగిలించినచో ఒక అక్షరము, నాలుగు అంకెలు గల సంకేతము కనబడును. పి అను అక్షరము ఇంజను, గేరుపెట్టెలకు సంబంధించినది. తరువాతి అంకె సున్న అయినచో అన్ని కంపెనీలకు ఉమ్మడి సంకేతము. ఒకటి అయినచో సాధారణముగా ఆ కంపెనీ సొంత సంకేతము. దాని తరువాతి అంకె విభాగమును చెప్పును: 1, 2 అంకెలు గాలికి, ఇంధనమునకు, 3 నిప్పురవ్వకు, 4 పొగశుద్ధి పరికరములకు చెందినవి.

ఈ ఏర్పాటు సంకేతముతోపాటు మరియొక అమూల్య సమాచారమును దాచును. దోషము పట్టుబడిన క్షణమున ఇంజను వేగమెంత, నీటి వేడిమి ఎంత, బరువెంత లాగుచున్నది, సవరణ ఎంత అను వివరములు అందులో నిలిచియుండును. నేరము జరిగిన చోట తీసిన ఛాయాచిత్రము వంటిది అది. సంకేతమును చెరపినచో ఈ చిత్రమును చెరిగిపోవును. కావున మొదట దానిని కాగితముపై వ్రాసికొనవలెను.

పలుచన మిశ్రమము: ఒక దర్యాప్తు

ముసలి కార్లలో తరచుగా వచ్చు సంకేతము పి-0171. మిశ్రమము మిక్కిలి పలుచన యని దాని అర్థము. దీనికి ముఖ్య కారణములు నాలుగు. మీటరును తప్పించుకొని దొంగగాలి లోపలికి పోవుట. పెట్రోలు పంపు నీరసించుటవలన గాని, ఫిల్టరు మూసికొనుటవలన గాని ఇంధనము చాలకపోవుట. గాలి మీటరుపై మురికి పట్టి తక్కువ లెక్క చెప్పుట. సెన్సరుకు ముందే పొగగొట్టము పగిలి బయటి గాలి లోనికి పీల్చబడుట. సంకేతము నాలుగింటికిని ఒక్కటే. మరి వీనిని విడదీయుట ఎట్లు?

సవరణ లెక్కను రెండు స్థితులలో చూచుట దీనికి సులభోపాయము. ఉదాహరణకు, ఇంజను ఐడ్లింగులో, అనగా బండి నిలిచి యున్నప్పటి మెల్లని నడకలో, మీటరు గుండా సెకనుకు 3 గ్రాముల గాలి పోవుచున్నదనుకొనవచ్చును. పగిలిన గొట్టము ద్వారా మరి అర గ్రాము దొంగగాలి దూరినచో, పెట్రోలును సుమారు 17 శాతము పెంచవలసి వచ్చును. ఇంజను వేగము హెచ్చి మీటరు గుండా 12 గ్రాములు పోవునప్పుడు ఆ అర గ్రాము నాలుగు శాతము మాత్రమే. కనుక ఐడ్లింగులో సవరణ ఎక్కువగా నుండి, వేగము పెరిగినకొలది తగ్గినచో దొంగగాలి యని అనుమానింపవలెను. పంపు నీరసించినచో దీనికి విరుద్ధము: ఐడ్లింగులో అంతయు సరిగా నుండి, ఎత్తు ఎక్కునప్పుడు సవరణ పెరుగును. మురికి పట్టిన మీటరును వేగము మీదనే ఎక్కువగా తప్పు చెప్పును. అప్పుడు పెట్రోలు పీడనమును గేజితో కొలిచినచో దోషము పంపుదో మీటరుదో తేలిపోవును.

నాలుగవ కారణము మాయలాడి. పొగగొట్టపు పగులు గుండా దూరిన గాలిని చూచి సెన్సరు పలుచన యని చెప్పును. కంప్యూటరు నమ్మి పెట్రోలు పోయును. ఫలితముగా మిశ్రమము నిజమునకు చిక్కనగును. ఇక్కడ స్పార్కు ప్లగ్గు రెండవ సాక్షి. సంకేతము పలుచన యనుచుండగా ప్లగ్గు కొన మసిపట్టి నల్లగా నున్నచో, పొగగొట్టపు అతుకులను, గాస్కెట్టును పరీక్షింపవలెను.

మియాటాలో గాలి పెట్టెనుండి ఇంజను ముఖమునకు పోవు రబ్బరు గొట్టము ఏండ్ల తరబడి వేడికి ఎండి ముడుతల మధ్య పగులుట కద్దు. పైనుండి చూచిన కనబడదు. చేతితో వంచి చూడవలెను. సన్నని పగుళ్లను పట్టుటకు షెడ్డులలో పొగ పంపి చూతురు. వేడి ఇంజనుపై మండెడు ద్రవములను చల్లి లీకులు వెదకుట ప్రమాదకరము. అట్లే మూసిన గదిలో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేక ప్రాణము తీయును.

దీపము మినుకునప్పుడు

1996 తరువాతి కార్లలో, నిలుకడగా వెలుగు దీపమునకు కొంత వ్యవధి యున్నది. పలు దోషములను కంప్యూటరు రెండు వరుస ప్రయాణములలో చూచినగాని దీపము వెలిగింపదు. కాని నడకలో దీపము మినుకుట వేరు. ఇంజను మిస్సింగు కొట్టుచున్నదని, మండని పెట్రోలు ఉత్ప్రేరక పేటికలోనికి పోవుచున్నదని అది చెప్పును. అక్కడ ఆ పెట్రోలు మండి వేడిమి వేయి డిగ్రీల సెంటిగ్రేడుకు చేరవచ్చును. తేనెపట్టు వంటి పింగాణి అరలు, వానిపై పూసిన ప్లాటినము, పెల్లాడియము, రోడియము చెడిపోవును. మియాటా వంటి కారులో అంత వెలగల పేటికను కొన్ని నిముషముల అశ్రద్ధ పాడుచేయగలదు. అట్టి సమయమున వెంటనే వేగము తగ్గించి బండిని ఆపుట మేలు.

పి-0300 అనునది ఏ సిలిండరని తేలని మిస్సింగు. పి-0301 మొదలు పి-0304 వరకు గల సంకేతములు ఆయా సిలిండరును చెప్పును. మూడవ సిలిండరు అని వచ్చినంతమాత్రమున దోషి ఎవరో తెలియదు. అప్పుడు మార్పిడి పరీక్ష చేయవలెను. మూడవదాని ప్లగ్గును నాలుగవదానికి, నాలుగవదానిని మూడవదానికి మార్చి కారు నడిపి చూడవలెను. మిస్సింగు నాలుగవదానికి పోయినచో ప్లగ్గు దోషి. మూడింటనే నిలిచినచో వైరును, ఇంజెక్టరును, తరువాత సిలిండరు పీడనమును వరుసగా చూడవలెను. ఆనాటి మియాటాలో ఒకటి, నాలుగు సిలిండర్లకు ఒక కాయిలు. రెండు, మూడింటికి మరొక కాయిలు. ఒకటియు నాలుగును కలిసి మిస్సింగు కొట్టినచో ఉమ్మడి కాయిలుపై అనుమానము పోవుట సహజము.

పలు సంకేతములు ఒక్కసారి వచ్చినచో మూలమునుండి క్రిందికి రావలెను. మిస్సింగుతోపాటు పి-0420, అనగా ఉత్ప్రేరక పేటిక నీరసించినదను సంకేతమును ఉన్నచో, మొదట మిస్సింగును మాన్పవలెను. లేనిచో క్రొత్త పేటికయు అదే దారి పట్టును.

వృద్ధాప్యపు రోగములు

పాత కారులో లోపలి భాగములకంటె వానిని కలుపు తీగలు, కనెక్టరులు, భూమి తీగలు ముందు ముసలివగును. రాగిపై పచ్చని తుప్పు పట్టినచో అక్కడ కొంత వోల్టు హరించిపోయి కంప్యూటరునకు తప్పుడు కొలత చేరును. బ్యాటరీ బలము తగ్గినను వింత సంకేతములు వచ్చును. కావున సంకేతము ఏదైనను మొదట చూడవలసినవి కాసు ఖర్చు లేనివి: బ్యాటరీ బిగింపులు, ఫ్యూజులు, కనెక్టరు కాళ్లు, భూమి తీగలు, రబ్బరు గొట్టములు. పిమ్మట కొలతలు. భాగములు కొనుట అన్నిటికంటె చివర.

నీటి వేడిమిని అదుపులో నుంచు థర్మోస్టాటు తెరచుకొని బిగిసిపోయినచో ఇంజను తగినంత వేడెక్కదు. కంప్యూటరు చలిలో ఉన్నట్లు భావించి పెట్రోలు హెచ్చుగా పోయుచునే యుండును. ఇక్కడ నీటి సెన్సరు చెప్పునది నిజము, చెడినది థర్మోస్టాటు.

దీపమును ఆర్పుట, దోషమును మాన్పుట

బ్యాటరీ తీగ విప్పినచో తొలి మియాటాలలో సంకేతము చెరిగి దీపము ఆరును. 1996 తరువాతి కార్లలో చదువు యంత్రముతో చెరపవచ్చును. కాని కారణము నిలిచియే యున్నది గనుక దీపము కొన్నాళ్లకు మరల వచ్చును. పైగా రెండవ తరపు కార్లలో సంకేతము చెరపగానే కంప్యూటరు తాను పూర్తి చేసిన స్వీయ పరీక్షలను గూడ మరచి, ఇంకను సిద్ధముగా లేను అని గుర్తు పెట్టుకొనును. అమెరికాలోని పొగ పరీక్షాకేంద్రములవారు ఈ గుర్తును చూచి బండిని త్రిప్పి పంపుదురు. నిజముగా బాగుచేసినచో చెరపవలసిన పనియే లేదు. వరుసగా మూడు ప్రయాణములలో దోషము కనబడనిచో దీపము దానంతటదే ఆరిపోవును.

పాత కారు కొనువారు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. తాళము త్రిప్పి ఇంజను నడపకముందు దీపము వెలుగవలెను. అప్పుడును వెలుగనిచో కారు ఆరోగ్యముగా నున్నదని కాదు. బల్బు మాడినదో, ఎవరో తీసివేసిరో అని తెలియవలెను. అన్ని దేశములకు పోయిన తొలి బండ్లలోను ఈ దీపము లేదు గనుక, ఆ కారు ఏ దేశమునకు తయారైనదో గూడ అడుగవలెను.

ఈ విద్య అమెరికాలోని పాత కార్లకే పరిమితము కాదు. భారతదేశములో 2010 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి-4 కార్లకు ఇట్టి స్వీయ పరీక్ష ఏర్పాటు వచ్చినది. 2013 ఏప్రిల్ నుండి దాని రెండవ తరము వచ్చినది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజి-6 అమలైన పిదప మోటారు సైకిళ్లకు, స్కూటర్లకు గూడ ఇంజను దీపము చేరినది. విజయవాడ వీధిలో స్కూటరు నడుపువాని ఎదుటను నేడు అదే పసుపుపచ్చని బొమ్మ వెలుగును. దాని వెనుక నున్నది అదే తర్కము.

దీపము వెలిగినప్పుడు అడుగవలసిన ప్రశ్న “ఏ భాగము మార్చవలెను?” అనునది కాదు. “ఏ కొలత తప్పినది? ఆ కొలత తప్పుటకు ఎన్ని దారులున్నవి? ఏ చిన్న పరీక్షతో ఒక్కొక్క దారిని మూయవచ్చును?” అని అడుగవలెను. ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన పిమ్మట, ఆరువందల రూపాయల రబ్బరు గొట్టముతో పోవు దోషమునకు అరువదివేల రూపాయల పేటికను కొనవలసిన అగత్యము కలుగదు.